మైదానం ముచ్చట్లు: తాకట్టులో ఉన్న కప్పు

పోయిన నెల ఇటలీ ఫుట్‌బాల్ క్లబ్బు జువెంటస్ గురించి అడిగిన ఒక పాఠకుడికి జవాబిస్తూ చివర్లో ఒక ముక్క తగిలించాను. "ఈ జువెంటస్‌నే 1911లో ఇంగ్లండులోని వెస్ట్ ఆక్లాండ్ అనే బొగ్గు గనుల పల్లె జట్టు 6-1తో చితక్కొట్టి కప్పు పట్టుకుపోయింది" అని. నోరు ఊరుకోక రాసిన మాట అది. దాని మీద ఎన్ని ఉత్తరాలొచ్చాయంటే, క్రికెట్ ప్రశ్నలన్నీ వచ్చే నెలకు నెట్టేశాను. క్రికెట్ వాళ్లు కోప్పడకండి, మీకు పదకొండు నెలలున్నాయి.

సార్, మీరు రాసిన జట్టు పేరు వెస్ట్ ఆక్లాండ్. ఆక్లాండ్ న్యూజిలాండ్‌లో కదా ఉండేది? ఇంగ్లండు అని పొరపాటున రాశారేమో.
డిగ్రీ విద్యార్థి, కర్నూలు

పొరపాటు కాదు నాయనా. అసలు ఆక్లాండ్ ఇంగ్లండుదే, న్యూజిలాండ్ వాళ్లది పేరు పెట్టుకున్న ఆక్లాండ్. ఇంగ్లండుకు ఈశాన్యాన డరమ్ అనే జిల్లా ఉంది, ఒకప్పుడు అంతా బొగ్గు గనులే. అందులో ఒక పల్లె వెస్ట్ ఆక్లాండ్. ఈడెన్ అనే జమీందారీ కుటుంబానిది ఆ ఊరు. ఆ ఇంటివాళ్లకు తర్వాత లార్డ్ ఆక్లాండ్ అనే బిరుదు వచ్చింది. అందులో రెండో తరం వాడు జార్జ్ ఈడెన్ 1836 నుంచి 1842 దాకా మన దేశానికి గవర్నర్ జనరల్. ఆయన చేయి పట్టి పైకి తెచ్చిన నౌకాదళం అధికారి హాబ్సన్ 1840లో న్యూజిలాండ్‌లో రాజధాని కట్టాలనుకున్నప్పుడు కృతజ్ఞతగా ఆయన పేరు పెట్టాడు. కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌కు ఉన్నదీ ఆ ఇంటిపేరే.

మీది కర్నూలు కాబట్టి ఇంకో మాట. మీ కర్నూలు నవాబు రాజ్యాన్ని కుంఫిణీ వాళ్లు 1839లో లాక్కున్నారే, అప్పుడు కలకత్తాలో గద్దె మీద కూర్చున్నది ఈ ఆక్లాండ్ దొరే. మీరు కొండారెడ్డి బురుజు దగ్గర నిలబడి వెస్ట్ ఆక్లాండ్ ఎక్కడో అనుకుంటున్నారు గానీ, మీ ఊరికీ ఆ పల్లెకూ లెక్క ఎప్పుడో ముడిపడింది.

అన్నా, నాది టీ కొట్టు. ఆ కప్పు పేరు లిప్టన్ కప్పు అని మీరే ఒకసారి చెప్పినట్టు గుర్తు. మేము అమ్మే పొట్లం మీద ఉండే లిప్టనేనా?
టీ కొట్టు యజమాని, ఆదోని

ఆయనే తమ్ముడూ. సర్ థామస్ లిప్టన్. గ్లాస్గోలో పేదింట్లో పుట్టాడు, 1871లో చిల్లరకొట్టు పెట్టాడు, అది వందల కొట్లయింది. 1890లో సిలోను వెళ్లి తేయాకు తోటలు కొన్నాడు. దళారులను పక్కన పెట్టి, తన తోట ఆకు తన కొట్లోనే పొట్లం కట్టి తక్కువ ధరకు అమ్మాడు. వ్యాపారం నీకు నేను చెప్పాలా.

ఆటలంటే ఆయనకు పిచ్చి. 1909లో ఇటలీలోని టూరిన్ నగరంలో నాలుగు దేశాల జట్లతో పోటీ పెట్టి, వెండి కప్పు ఒకటి ఇచ్చాడు. ఉరుగ్వేలో మొదటి ప్రపంచ కప్పు జరగడానికి ఇంకా 21 ఏళ్లుంది అప్పటికి. ఇటలీ, జర్మనీ, స్విట్జర్లాండ్ మంచి జట్లనే దించాయి. ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘం మాత్రం మేం పంపం పొమ్మంది. ఫుట్‌బాల్ పుట్టిల్లు లేకుండా పోటీ ఏంటని లిప్టన్ మనుషులు ఎవరో ఒకరిని తేవాలనుకున్నారు. వచ్చింది వెస్ట్ ఆక్లాండ్. బొగ్గు తవ్వే కుర్రాళ్లు. జీతమిచ్చి ఆడించే జట్టు కాదు. ఇంట్లో సామాన్లు అమ్ముకొని దారి ఖర్చులు పోగుచేసుకున్నారని ఆ ఊళ్లో చెప్పుకుంటారు. ఈస్టర్ సెలవుల్లో రైలెక్కి, పడవ దాటి, మళ్లీ రైలెక్కి టూరిన్ చేరారు. స్టుట్‌గార్ట్ జట్టును 2-0తో, ఫైనల్లో స్విట్జర్లాండ్ వింటర్‌టూర్ జట్టును 2-0తో ఓడించి కప్పు పట్టుకొచ్చేశారు. ఒక్క గోలు కూడా వేయించుకోలేదు.

లిప్టన్‌కు ఇంకో పిచ్చి పడవ పందేలు. అమెరికా కప్పు అనే పందెం కోసం 1899 నుంచి 1930 దాకా అయిదుసార్లు పోయి అయిదుసార్లూ ఓడాడు. పాపం, అమెరికా జనమే చందాలేసుకొని "ఓడిపోవడంలో నీ అంత మర్యాదస్తుడు లేడు" అని బంగారు కప్పు చేయించి ఇచ్చారు. ఊళ్లోవాళ్లకు కప్పులిచ్చిన మనిషికి తన కప్పు మాత్రం దక్కలేదు. ఈ ముక్క నీ కొట్లో చెప్పు, రెండో టీ అమ్ముడుపోతుంది.

అసలు పిలుపు అర్సెనల్‌కు వెళ్లాల్సిందట, పొరపాటున ఈ పల్లెకు పోయిందట కదా? మా మామ చెబుతాడు.
పాఠకుడు, ప్రొద్దుటూరు

మీ మామ చెప్పేది లోకమంతా చెప్పే కథే. అప్పట్లో అర్సెనల్ పేరు ఊలిచ్ అర్సెనల్. రెండు పేర్లకూ పొడి అక్షరాలు ఒకటే, డబ్ల్యూ ఏ. లిప్టన్ గుమాస్తా ఆ రెండక్షరాలు చూసి ఉత్తరం తప్పు చిరునామాకు పంపాడని కథ. వినడానికి బాగుంటుంది. నాకు మాత్రం నమ్మకం లేదు.

ఎందుకంటే 1911లో వీళ్లను మళ్లీ పిలిచారు. అదీ టూరిన్‌కే, అదీ అదే కప్పుకు. గుమాస్తా ఒకసారి తప్పు చేస్తాడు, రెండేళ్ల తర్వాత కూడా అదే తప్పు చేస్తే వాణ్ణి లిప్టన్ ఉద్యోగంలో ఉంచుతాడా? ఆ రెండోసారి జ్యూరిక్ జట్టును 2-0తో కొట్టి, ఫైనల్లో జువెంటస్‌ను 6-1తో కొట్టారు. జువెంటస్ అప్పటికి ఇప్పటంత పెద్ద పేరు కాదు, నిజమే. కానీ పట్నం జట్టు, సొంతూళ్లో ఆడుతోంది, ఒంటి మీద నల్ల తెల్ల చారల చొక్కాలు. ఆ చొక్కాలు కూడా 1903లో ఇంగ్లండు నుంచే తెప్పించుకున్నారు, నాటింగ్‌హామ్‌లో నాట్స్ కౌంటీ అనే క్లబ్బు వేసుకునే రకం. చొక్కాలొచ్చిన దేశం నుంచే దెబ్బలూ వచ్చాయి.

పొరపాటు కథ అంతగా ఎందుకు నిలిచిందో నాకు తెలుసు. పల్లెటూరి వాళ్లు గెలిస్తే దానికేదో కారణం కావాలి జనానికి. మా రోజుల్లో గుంతకల్లు రైల్వే కాలనీ పిల్లలు పట్నం కాలేజీ జట్టును ఓడిస్తే "రిఫరీ మీవాడే కదా" అనేవాళ్లు. మా నాన్న లోకో షెడ్డులో ఫిట్టరు. సాయంత్రం షిఫ్టు దిగి గ్రీసు చేతులతోనే గోల్ వెనక నిలబడేవాడు. రిఫరీ ఎవరి మనిషో ఆయనకే తెలీదు.

రెండుసార్లు గెలిస్తే కప్పు సొంతం అన్నారట కదా. ఇప్పుడు ఆ కప్పు ఎక్కడుంది? క్లబ్బు ఎలా ఉంది?
పాఠకురాలు, ధర్మవరం

ఈ ప్రశ్న కోసమే కూర్చున్నానమ్మా.

కప్పు సొంతమైంది, నిజమే. దాంతోపాటు అప్పు కూడా. రెండో ప్రయాణం క్లబ్బు నడుం విరగ్గొట్టింది. ఊళ్లో వీట్‌షీఫ్ అనే హోటలు క్లబ్బుకు అడ్డా. ఆ హోటలావిడ దగ్గర 40 పౌండ్లు అప్పు తీసుకొని, కప్పును తాకట్టు పెట్టారు. తర్వాత 1912లో క్లబ్బే మూతపడింది. 1914లో వెస్ట్ ఆక్లాండ్ టౌన్ అని పేరు మార్చుకొని మళ్లీ లేచింది. కప్పు మాత్రం లేవలేదు. ఒక ప్రపంచ యుద్ధం పోయింది, రెండోదీ పోయింది. ఆవిడ దగ్గరా, ఆ ఇంటివాళ్ల దగ్గరా కప్పు అలాగే ఉంది. 1960లో ఊరంతా చందాలేసుకొని 100 పౌండ్లు కట్టి విడిపించుకున్నారు.

చదివిన వాళ్లందరూ బొగ్గు కుర్రాళ్లను మెచ్చుకుంటారు. నాకైతే ఆ హోటలావిడే కళ్లముందు మెదులుతుంది. కారణం ఉంది, చెబుతాను.

1984. నేను డ్రిల్లు సారుగా చేరి మూడేళ్లు. పద్నాలుగు మంది పిల్లల్ని తీసుకొని పక్క జిల్లాలో ఒక టోర్నమెంటుకు పోయాను. ఊరి పేరు వద్దు. రానుపోను ఛార్జీలు, నాలుగు రోజుల భోజనం మావే అని కరపత్రంలో అచ్చేశారు నిర్వాహకులు. ఫైనల్ గెలిచాం, 1-0. మైకులో పొగడ్తలు, దండలు, చేతికి కప్పు. షామియానా విప్పే లోపల నిర్వాహకులు ఒక్కరూ లేరు. మెస్సు బాకీ 412 రూపాయలు. నా జేబులో 160, అది టికెట్లకే చాలదు. ఆ రాత్రి నాకు పట్టిన చెమట ఫైనల్లో మా గోలీకి కూడా పట్టలేదు.

మెస్సు నడిపే ఆవిడ లెక్కల పుస్తకం మూసి అనింది, "పిల్లోళ్లను తీసుకోని పో సారూ. ఆ కప్పు ఈడ పెట్టిపో." పైగా రైల్లో తినమని చిత్రాన్నం పొట్లాలు కట్టిచ్చింది. అవీ పుస్తకంలో రాసుకుందనుకోండి.

బడిలో టీచర్లందరూ తలా ఇరవై వేస్తే రెండున్నర నెలలకు డబ్బు కూడింది. నేనే పోయాను. ఆవిడ వంటింట్లో బియ్యం డ్రమ్ము మూత తీసి, బియ్యంలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, పాత చీర ముక్కలో చుట్టిన కప్పు బయటికి లాగింది. చుట్టు విప్పితే నాకు నోట మాట రాలేదు. వారానికోసారి చింతపండుతో తోమిందట, ఇత్తడి బిందెలతోపాటు. ఒక పక్కంతా వెండి పూత పోయి పసుపు రంగు ఇత్తడి తేలింది. "ఎట్ల మెరుస్తాండాదో చూడు సారూ" అంది. నిజంగానే మెరుస్తోంది.

ఆ కప్పు బడి అద్దాల బీరువాలో పెట్టాం. నాకు బదిలీ అయింది. కొన్నేళ్ల తర్వాత బడికి మరమ్మతులు చేశారు, సామాను గదులు మార్చారు. ఇప్పుడు అడిగితే ఆ బీరువానే ఎవరికీ గుర్తులేదు. బియ్యం డ్రమ్ములో ఉన్నన్నాళ్లే అది భద్రంగా ఉంది.

అచ్చంగా వెస్ట్ ఆక్లాండ్‌లోనూ అదే జరిగింది. తాకట్టులో దాదాపు యాభై ఏళ్లు చెక్కుచెదరని లిప్టన్ కప్పు, ఊళ్లోని వర్కింగ్ మెన్స్ క్లబ్బులో అందరూ చూసేలా పెట్టాక 1994లో దొంగలపాలైంది. మళ్లీ దొరకలేదు. ఇప్పుడున్నది అచ్చం అలాగే చేయించిన నకలు.

వెస్ట్ ఆక్లాండ్‌ను నాన్-లీగ్ జట్టు అంటారట. అంటే లీగులో లేని జట్టా? మరి ఎవరితో ఆడతారు?
తొమ్మిదో తరగతి విద్యార్థి, తాడిపత్రి

పేరు చూసి అందరూ మోసపోతారు. ఇంగ్లండులో పైన నాలుగు అంతస్తులున్నాయి: ప్రీమియర్ లీగులో 20 జట్లు, ఆ కింద మూడు అంతస్తుల్లో ఇరవై నాలుగేసి. మొత్తం 92. వీటి కింద ఉన్నవాటినన్నిటినీ కలిపి నాన్-లీగ్ అంటారు. వాళ్లకూ లీగులున్నాయి, ఒకటి కింద ఒకటి. గెలుస్తూ పోతే కింది నుంచి పైదాకా ఎక్కొచ్చు. కాకపోతే అయిదో అంతస్తు నుంచి నాలుగోదానికి నేరుగా తలుపు తెరిచింది 1987లోనే. అంతకుముందు పైవాళ్లు ఓట్లేసి రానివ్వాలి.

వెస్ట్ ఆక్లాండ్ ఆడే నార్తర్న్ లీగ్ 1889లో పుట్టింది. ప్రపంచంలో దీనికంటే పాత ఫుట్‌బాల్ లీగు ఒక్కటే ఉంది, 1888 నాటిది. వీళ్ల డివిజను తొమ్మిదో అంతస్తు. మీ తాడిపత్రిలో నాపరాళ్ల పాలిష్ మిషన్ల మీద పనిచేసే అన్నలు ఆదివారం ఆడితే ఎలా ఉంటుందో, ఇంచుమించు అట్లాంటి మనుషులే. టికెట్టు చించేవాడూ గీతలు గీసేవాడూ అక్కడ ఒక్కడే కావచ్చు.

టూరిన్‌లో అంత చేసినవాళ్లు తర్వాత ఏమీ గెలవలేదా?
రైల్వే ఉద్యోగి, గుంతకల్లు

మా ఊరి ప్రశ్న! పెద్ద మైదానం వాళ్లకు అచ్చిరాలేదు. 1961లో జీతం లేకుండా ఆడే జట్ల అమెచ్యూర్ కప్పు ఫైనల్‌కు లండన్‌లోని వెంబ్లీ మైదానం చేరి వాల్తమ్‌స్టో అవెన్యూ చేతిలో 2-1తో ఓడారు. 2012లో చిన్న క్లబ్బులకు పెట్టే ఎఫ్‌ఏ వేజ్ ఫైనల్లో పక్క జిల్లా డన్‌స్టన్ చేతిలో 2-0. రెండేళ్లకు, 2014లో మళ్లీ వెంబ్లీ, షోలింగ్ చేతిలో 1-0. టూరిన్‌లో రెండుకు రెండు, వెంబ్లీలో మూడుకు సున్నా. 2013లో ఊరి నడిమధ్య పచ్చిక మీద ఆ పాత జట్టుకు విగ్రహం నిలబెట్టారు.

దీన్ని మొదటి ప్రపంచ కప్పు అనొచ్చా? ఫిఫా ఒప్పుకుంటుందా?
పాఠకుడు, నంద్యాల

ఫిఫా లెక్కలో ప్రపంచ కప్పు 1930లోనే మొదలు. దేశం జట్లు కావివి, క్లబ్బులు. అందరినీ పిలిచిన పోటీ కూడా కాదు. కాబట్టి అనకూడదు. ఆ ఊరి బోర్డు మీద రాసుకుంటే మాత్రం నేను తుడపను.

ఒక్క పోలిక మాత్రం ఉంది. అసలు ప్రపంచ కప్పు, జూల్స్ రిమే ట్రోఫీ, అదీ దొంగలపాలే. 1966లో లండన్‌లో పోతే పికిల్స్ అనే కుక్క చెట్లపొదలో పసిగట్టి పట్టిచ్చింది. 1983లో రియోలో మళ్లీ పోయింది. ఈసారి ఏ కుక్కా దొరకలేదు.

సారు గారికి, ఎక్కడో ఇంగ్లండు పల్లె గురించి పేజీలు నింపుతున్నారు. మన అనంతపురం ఫుట్‌బాల్ కనబడలేదా?
ఒక అభిమాని, కడప

కోపం న్యాయమైనదే. 1969లో అనంతపురం వచ్చి ఇక్కడే కన్నుమూసిన ఫాదర్ ఫెర్రర్, ఆయన నిలబెట్టిన ఆర్డీటీ సేవాసంస్థ, వాళ్ల క్రీడా గ్రామం. పల్లె ఆడపిల్లలు బూట్లేసుకొని పొద్దున్నే బంతి తన్నడం నేను కళ్లారా చూసింది అక్కడే. దాని మీద ఒక సంచిక మొత్తం రాయాలని ఉంది, రాస్తాను. ఈ లోపల మీ కడపలో పాత క్లబ్బుల ఫొటోలు ఎవరింట్లోనైనా ఉంటే పంపండి. చెదలు పట్టక ముందే. కప్పులుంటే అవి మాత్రం పంపొద్దు, బియ్యం డ్రమ్ములో దాచండి.

సారూ, మా మనవడు మీ ప్రశ్నలు, జవాబులు ముందే చదివి వినిపించాడు. నేను పొదుపు సంఘం లీడరును. ఆ హోటలామె 40 ఇచ్చి 100 తీసుకుందంటే వడ్డీ ఎక్కువ కాదా?
డ్వాక్రా సంఘం లీడరు, కదిరి

మీ మనవడు మా కంపోజింగ్ గదిలో పనిచేసే కుర్రాడే అని తెలిసింది. వాడి పని తర్వాత చెబుతాను. ముందు లెక్క.

అసలు 40. మీద వచ్చింది 60. 1911 నుంచి 1960 దాకా 49 ఏళ్లు, అంటే 588 నెలలు. 60ని 588తో భాగిస్తే నెలకు పౌండులో ఇంచుమించు పదో వంతు. అది 40 మీద. నూటికి కట్టండి.

నూటికి నెలకు పావలా. ఇంచుమించు పావలా వడ్డీ అక్కా. మన ఊళ్లో రెండు రూపాయల వడ్డీకిచ్చేవాళ్లయితే, చక్రవడ్డీ వేయకుండానే, ఆ కప్పు విడిపించడానికి 500 పౌండ్లు పైనే అయ్యేది.